ఒత్తు లేని ముద్ర

ఆ మంగళవారం మధ్యాహ్నం జూలీ నర్సింగ్ స్కూలు నుంచి తిరిగి వచ్చి, ఇంటికి కూడా వెళ్ళకుండా నేరుగా అరుంధతి గుమ్మంలో చతికిలబడింది. వానకు తడిసిన చున్నీ పిండుకోవడం కూడా మరిచిపోయింది. ఒళ్ళో ఉన్న ప్లాస్టిక్ కవరు మాత్రం పొడిగా ఉంది. అందులోంచి రెండు కాగితాలు తీసి గచ్చు మీద పక్కపక్కన పరిచింది.

ఒకటి నాలుగేళ్ళ కిందట ఆమె బాప్తిస్మం తీసుకున్నప్పుడు సంఘం ఇచ్చిన సర్టిఫికెట్. రెండోది, ఈ అమ్మాయి మా సంఘ సభ్యురాలే, నడవడిక మంచిది అని ఈ నెలలో రాసి ఇచ్చిన ఉత్తరం. ఆ నర్సింగ్ స్కూల్లో క్రైస్తవ సంఘాల పిల్లలకని కొన్ని సీట్లు ఉంటాయి. జూలీకి మార్కులు సరిపోయాయి, పేరు జాబితాలోకి ఎక్కింది. ఈ రెండు కాగితాలు చూపించి సీటు ఖాయం చేసుకోవడానికే పొద్దున వెళ్ళింది.

"ఇందులో ఒకటి దొంగ సీలంట వదినా," అంది జూలీ. "ఏది దొంగదో మీరే తేల్చుకుని రండన్నాది ఆఫీసులో దీదీ."

శుక్రవారం సాయంత్రంలోగా తేలకపోతే సీటు జాబితాలో తర్వాతి పేరుకు వెళ్ళిపోతుంది. సర్టిఫికెట్ మీద సంతకం చేసిన పాస్టరుగారు ఇప్పుడు లేరు, రెండేళ్ళ కిందటే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. సంఘంలో తక్కినవాళ్ళ పెళ్ళి సర్టిఫికెట్లు తెచ్చి చూపిస్తానని జూలీ అంటే, అవన్నీ మీ ఇంటి కాగితాలే, బయటివాళ్ళ దగ్గర రుజువు ఏదైనా ఉంటే తెమ్మని చెప్పిందట ఆవిడ. కోపంగా కూడా చెప్పలేదట. అదే ఎక్కువ భయం వేసిందంది జూలీ.

"రెండూ మన చర్చి సీళ్ళే కదా. నాకైతే ఒక్కలాగే కనపడతన్నాయి. ఏటి తేడా?"

జూలీ ఈ బెంగాలీ ఊళ్ళో, ఓడరేవు పక్కనున్న ఖిదిర్‌పూర్‌లోనే పుట్టింది. తెలుగు మాట్లాడుతుంది, పాటలన్నీ నోటికి పాడుతుంది, చదవడం మాత్రం రాదు. అరుంధతికి ఆ కాగితాలు వంగి చూడవలసిన పని లేకపోయింది. తేడా ఏమిటో ఆమెకు తెలుసు. లోకంలో ఆమె ఒక్కదానికే తెలుసుననుకుంది. 

*

అరుంధతి సోంపేట దగ్గర ఒక పల్లెటూరి పిల్ల. జాబేజ్‌ను పెళ్ళి చేసుకుని ఖిదిర్‌పూర్ వచ్చి మూడేళ్ళయింది. జాబేజ్ డాక్‌లో కంటైనర్ల నంబర్లు చూసి రాసుకునే పనిలో ఉన్నాడు. ఆమెకు ఇంట్లో పని తక్కువ, మాట అంతకంటే తక్కువ. కొత్తలో బెంగాలీ రాక, దుకాణాల బోర్డులు చూస్తూ నడిచేది. ఏ బోర్డు కింద ఏం అమ్ముతున్నారో చూసి ఏ అక్షరం ఏమిటో పోల్చుకునేది. వీధి చివర కుర్రాళ్ళ క్లబ్బు ఒకటుంది. దాని పేరు చివర 'సంఘ' అని బెంగాలీలో రాసి ఉంటుందని తెలిసిన రోజున, దారిలో చుట్టం కనబడినట్టు సంతోషపడింది.

ఊళ్ళో ఆమెకు చదువు చెప్పిన శారద టీచరు ఒత్తుల దగ్గర మహా గట్టి మనిషి. ఒత్తు లేని అక్షరం ఉప్పు లేని కూర అనేది. భయం అని రాయమంటే బయం అని రాసినవాళ్ళ చేత పలక నిండా భ రాయించేది. పదో తరగతి దాటి చదవకపోయినా అరుంధతి రాతలో ఒత్తు ఎన్నడూ తప్పలేదు.

ఖిదిర్‌పూర్‌లోని కృపా తెలుగు క్రైస్తవ సంఘంలో ఉన్నవి అరవై కుటుంబాలు. తాతల నాడు ఓడరేవు పనికి, రైల్వే పనికి వచ్చినవాళ్ళ పిల్లలు, మనవలు. ఇప్పటి పాస్టరుగారు వేరే చోటినుంచి నెలకు రెండు ఆదివారాలు వస్తారు. మిగతా వ్యవహారమంతా సెక్రటరీ దయారత్నంగారిది. సంఘంలోకి కొత్తగా వచ్చిన కోడలు పిల్లకు తెలుగు రాయడం బాగా వచ్చని తెలియగానే ఆయన సంఘం మినిట్సు పుస్తకం తెచ్చి అరుంధతి చేతిలో పెట్టాడు. అప్పటినుంచి ఉత్తరాలు, సర్టిఫికెట్లు ఆమె రాస్తుంది. ఆయన సంతకం పెట్టి సీలు వేస్తాడు.

సీలు మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వడు. ఆయన ముప్పై నాలుగేళ్ళు ఓడరేవులో గేటు పాసుల ఆఫీసులో పనిచేశాడు. ముద్ర లేని పాసుతో పెద్ద దొర వచ్చినా గేటు తెరుచుకోదు, ముద్ర ఉంటే కాయగూరల బండి కూడా లోపలికి పోతుంది, అది కళ్ళారా చూసినవాణ్ణి అంటాడు. "సంతకం మనిషిదమ్మా, సీలు కుర్చీది. మనిషి లెగిసి ఎలిపోతాడు, కుర్చీ ఉంటాది" అని ఆయన అరుంధతితో ఎన్నిసార్లు అన్నాడో లెక్క లేదు. సీలు వేసే ముందు కళ్ళద్దాలు తుడుచుకుంటాడు. వేసిన తర్వాత సిరా ఆరేదాకా కాగితాన్ని ఊదుతాడు. గుడ్డతో ముద్ర మొహం తుడిచి చెక్కపెట్టెలో పెట్టి తాళం వేస్తాడు.

ఆ పాత ముద్ర ఇత్తడిది. అంచులు అరిగిపోయి సగం అక్షరాలు పడడం మానేశాయి. ఎనిమిది నెలల కిందట కొత్తది చేయించాలని పెద్దలు తీర్మానం చేశారు. పాతది చేసిన దుకాణంలోనే చేయిద్దామని, దాన్ని చేతిరుమాలులో చుట్టి అరుంధతికిచ్చి, మాటరు సరిగా రాసి ఇచ్చి రమ్మని దయారత్నంగారు పంపాడు.

సరిగా రాయమన్నాడు కదా. ఆ మాటే అరుంధతిని ముంచింది. ఇంట్లో కూర్చుని ముద్రకు సిరా దట్టంగా పట్టించి తెల్ల కాగితం మీద నొక్కి చూసింది. చుట్టూ తిరిగిన అక్షరాలను కూడబలుక్కుంటూ వస్తే చివరి మాట 'సంగము' అని ఉంది. సంఘము కాదు, సంగము. యాభై ఏళ్ళుగా పెళ్ళిళ్ళ మీద, బాప్తిస్మాల మీద, సమాధుల అనుమతి కాగితాల మీద ఆ తప్పే పడుతూ వచ్చింది. అరుంధతికి శారద టీచరు బెత్తం గుర్తొచ్చింది. పెద్దవాళ్ళకు చెబితే ఎవరో ఒకరు నవ్వుతారు, ఎవరో ఒకరు చిన్నబోతారు. ఎందుకొచ్చిన గొడవ అనుకుని, చీటీ మీద చక్కగా ఒత్తు ఘ పెట్టి రాసి పట్టుకుపోయింది.

దుకాణం నడిపే సంజయ్‌దా, అంటే సంజయ్ అన్న, యాభై దాటిన మనిషి. తండ్రి నాటి దుకాణం అది, ఒక మనిషి కూర్చుంటే ఇంకో మనిషి నిలబడే చోటు. పాత ముద్రను, కొత్త చీటీని మార్చి మార్చి చూసి, ఒక అక్షరం తేడాగా ఉంది, పరవాలేదా అని అడిగాడు. పరవాలేదు, ఇదే సరైనది అంది అరుంధతి. నాలుగు రోజుల తర్వాత కొత్త ముద్ర తయారైంది. దాన్ని ఇచ్చే ముందు సంజయ్‌దా ఒక లావుపాటి పుస్తకం తీసి, అందులో మొదటి ముద్ర వేసి, పక్కన తేదీ రాసి, ఆమెచేత సంతకం పెట్టించుకున్నాడు. ప్రతి ముద్రా లోకంలోకి వెళ్ళేముందు ఇక్కడ ఒకసారి పడాలి, ఇది మా నాన్న పెట్టిన పద్ధతి అన్నాడు.

దయారత్నంగారు కొత్త ముద్రను చూసి మురిసిపోయాడు. పాతది ఎవరి చేతిలోనూ పడకూడదని దాని మొహం మీద ఆకురాయితో అడ్డంగా రెండు గీతలు గీశాడు. తర్వాత పక్క పేట మెటియాబ్రుజ్ ఘాట్‌లో లాంచీ ఎక్కి నది మధ్యకు వెళ్ళి, తల వంచి ఒక్క నిమిషం ప్రార్థన చేసి నీళ్ళలోకి జారవిడిచాడు. పోర్టు ఆఫీసులో పాత సీళ్ళకు కూడా గీతలు గీసేవారు గాని ప్రార్థన మాత్రం ఆయన సొంతం.

అక్షరం మారిన సంగతి ఎవరూ కనిపెట్టలేదనే అరుంధతి అనుకుంది. ఇవాళ ఒక్క అక్షరం కూడా తెలుగు రాని ఆఫీసు దీదీ కనిపెట్టింది. చదవడం వచ్చినవాళ్ళు మాట చదువుకుని పోతారు, రానివాళ్ళు గీతలు చూస్తారు.

*

జూలీని ఇంటికి పంపి, కాగితాలు పట్టుకుని అరుంధతి దయారత్నంగారి ఇంటికి వెళ్ళింది. చెప్పవలసింది దారంతా లోలోపల కూర్చుకుంది గాని, తీరా నాలుగు ముక్కల్లో అయిపోయింది. ఆయన భూతద్దం తెచ్చి రెండు కాగితాల మీద చాలాసేపు పెట్టి చూశాడు.

"యాభై ఏళ్ళు నడిసిన ముద్ర," అన్నాడు చివరికి. "దాని మీద చెయ్యెట్టడానికి నువ్వెవలివి, నానెవల్ని?"

ఆయన కొత్త ఉత్తరాన్ని ఆమె ముందుకు తోశాడు.

"తప్పో ఒప్పో, అది మన మొహం. మొహం మారిస్తే ఒకలికి చెప్పి మార్చాల. నాకైనా ఒక్క మాట చెప్పాల కదేటి." ఆయన భూతద్దం దించి కళ్ళు నలుపుకున్నాడు. కాసేపటికి గొంతు తగ్గింది. "నానూ చూసినాను కదా, చేతిలో ఎట్టుకుని మరీ చూసినాను. నాకు తెలీనేదు. ఊరికే సీలు, సీలని గెంతుతాను గాని."

పాత ముద్ర ఉంటే తీసుకెళ్ళి చూపించేవాళ్ళం, దాన్ని కూడా నేనే నీళ్ళపాలు చేశాను అని ఆయన బాధపడ్డాడు.  ముందు ఆ ముసలమ్మకు నువ్వే చెప్పు, పిల్ల చెప్పిందాన్ని బట్టి ఏమనుకుని బెంగపెట్టుకుందో అన్నాడు.

ఆ ముసలమ్మ డోర్కాస్, జూలీ నాయనమ్మ. జూలీ తల్లీ తండ్రీ బడ్జ్ బడ్జ్‌లో జూట్ మిల్లు పనిలో ఉంటారు. చదువుకోసం పిల్లను తన దగ్గర పెట్టుకుంది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి ఇప్పటికీ మెటియాబ్రుజ్ దర్జీల దగ్గరనుంచి చంటిపిల్లల ఫ్రాకులు తెచ్చుకుని బొత్తాలు కుడుతుంది. అరుంధతి వెళ్ళేసరికి కిటికీ దగ్గర పీట మీద కూర్చుని ఆ పనే చేస్తోంది. పక్కన ఎరుపు, పసుపు ఫ్రాకులు గుట్టగా ఉన్నాయి. జూలీ ఏడ్చి ఏడ్చి లోపలి గదిలో పడుకుంది.

అరుంధతి నేల మీద కూర్చుంది. ఈసారి నాలుగు ముక్కలు కూడా రాలేదు. "మామ్మా, ఆ అక్షరం మార్చింది నేను," అంది. 

డోర్కాస్ సూది ఆపలేదు. బొత్తానికి చివరి ముడి వేసి, దారం పళ్ళతో తుంచి, అప్పుడు తలెత్తింది.

"తెలుసు," అంది.

కొత్త ముద్ర వచ్చిన ఆదివారమే చూశానంది. ఆ ఒక్క రోజు దయారత్నం అందరినీ ముట్టుకోనిస్తే, ఎంత బాగుందో అంటూ చేతులు మార్చుకుంటూంటే తన దగ్గరికి కూడా వచ్చిందని, వేలితో తడిమి చూశానని చెప్పింది.

"ఆ గ రాసింది నానేనే తల్లీ."

అరుంధతికి మొదట అర్థం కాలేదు. డోర్కాస్ ఫ్రాకు పక్కన పెట్టి మెల్లగా చెప్పుకొచ్చింది. ఆమె భర్త పెద్దిరాజు డాక్‌లో ఇరవై మంది కూలీల గ్యాంగుకు సర్దార్. జూలీ తండ్రి పుట్టిన ఏడు, అంటే డెబ్భై ఐదులో, ఆ గ్యాంగు వాళ్ళే చందాలు వేసుకుని గోదాము పక్క రేకుల షెడ్డులో సంఘం మొదలుపెట్టారు. ఎక్కడ ఏ అర్జీ పెట్టినా సీలు ఏదని అడుగుతున్నారని పెద్దిరాజు ముద్ర చేయించడానికి బయలుదేరాడు. ఏమని చెక్కాలో రాసివ్వడానికి గ్యాంగు మొత్తంలో అక్షరం ముక్క వచ్చినవాళ్ళు లేరు. పద్దెనిమిదేళ్ళ డోర్కాస్ ఒక్కతే మూడో తరగతి దాకా చదివింది. ఒళ్ళో పసివాడు పాలు తాగుతూంటే, టీ పొట్లం కాగితం వెనక రాసిచ్చింది.

"మనం పలికినట్టే రాసినాను. సంగం, సంగం అంటాం గాని నొక్కి పలికినోలెవలు? ఆ ముద్ర వచ్చిన రెండేళ్ళకి, మిషనోలు పంపిన పత్రికలో సరైన అక్షరం చూసినాను. అప్పటికే ఎన్ని పెళ్ళిళ్ళయిపోనాయో. మా ఆయనకి చెప్పనేదు. ఆడు ఆ ముద్రని చూసుకుని ఎంత పొంగిపోయీవోడో నీకు తెలీదు."

ఇన్నేళ్ళూ ఎవరి పెళ్ళి సర్టిఫికెట్ చూసినా ముందు ఆ అక్షరమే కనబడేదని, ఎప్పుడో ఒక రోజు చదువుకున్నవాళ్ళు వచ్చి పదిమందిలో నవ్వుతారని భయపడేదాన్నని చెప్పింది డోర్కాస్.

"నువ్వొచ్చినావు. ఎవలికీ చెప్పకుండా, నవ్వకుండా దిద్దినావు. ఆ ఆదివారం ఇంటికొచ్చి మోకాళ్ళేసి దేవుడికి వందనాలు చెప్పుకున్నాను. నిన్నిప్పుడు ఏటనమంటావు?"

అరుంధతి ఆ ఫ్రాకుల గుట్టలో మొహం దాచుకుంది. డోర్కాస్ ఆమె వీపు మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉంచింది. తర్వాత, ఏడుపు తర్వాత చూసుకుందాం గాని బయటివాళ్ళ దగ్గర రుజువు ఏముందో ఆలోచించమంది.

అప్పుడు అరుంధతికి ఆ లావుపాటి పుస్తకం గుర్తొచ్చింది. మొదటి ముద్ర, పక్కన తేదీ, సంతకం. మా నాన్న పెట్టిన పద్ధతి అన్నాడు సంజయ్‌దా. తండ్రి పెట్టిన పద్ధతైతే తండ్రి పుస్తకాలు కూడా ఉండాలి కదా.

*

బుధవారం పొద్దున దుకాణం తలుపు ఎత్తేసరికి అరుంధతి, డోర్కాస్ ఇద్దరూ అక్కడ నిలబడి ఉన్నారు. సంగతి విని సంజయ్‌దా స్టూలు ఎక్కి అటక మీదనుంచి గోనెసంచి దించాడు. అందులో పుస్తకాలు, ఒక్కొక్కటీ దిండంత. చెమ్మకు కొన్ని పేజీలు అతుక్కుపోయాయి. ఆ సంవత్సరం పుస్తకం దొరికేదాకా ముగ్గురూ ఒక్కోటి తీసి తేదీలు చూశారు. దొరికిన తర్వాత, అతుక్కున్న పేజీల మధ్య సన్నటి ఇనుప బద్ద పోనిచ్చి, పూతరేకు విప్పినట్టు ఒక్కో పేజీ విప్పాడు.

బ్యాంకుల ముద్రలు, డాక్టర్ల ముద్రలు, మూతపడిన కంపెనీల ముద్రలు, ఎవరెవరి పేర్లో. ఒక పేజీ దగ్గర అరుంధతి వేలు పెట్టి ఆపింది. గుండ్రటి ఊదా ముద్ర. చెక్కిన నాటి పదునుతో ప్రతి అక్షరం తేటగా ఉంది. కృపా తెలుగు క్రైస్తవ సంగము, ఖిదిర్‌పూర్. పక్కన తేదీ. దాని పక్కనే చిన్న టీ పొట్లం కాగితం జిగురుతో అతికించి ఉంది.

డోర్కాస్ వంగి చూసింది. పద్దెనిమిదేళ్ళ పిల్ల రాత, అక్షరాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ కుడివైపుకు ఎక్కిపోతున్నాయి. "పాలు తాగినోడు కదలకుండా ఉండీవోడు కాదు," అంది నెమ్మదిగా.

లిపి తెలియని పని వస్తే నాన్న ఆ చీటీని కూడా పుస్తకంలో అతికించి ఉంచుకునేవాడని సంజయ్‌దా చెప్పాడు. అక్షరం తెలియనివాడు అక్షరాన్ని దిద్దకూడదు, గీత ఎలా ఉంటే అలాగే చెక్కాలి అనేవాడట.

సంతకం ఉండవలసిన చోట సంతకం లేదు. ఇంకో చిన్న ముద్ర ఉంది. పైన కొక్కెం బొమ్మ, గోనెలు లాగడానికి కూలీలు వాడేలాంటిది. కింద తెలుగులో 'పెద్దిరాజు'.

"అదీ ఆ రోజే చేయించినాడు," అంది డోర్కాస్. ఆయనకు సంతకం రాదు. వేలిముద్ర వేద్దామంటే, బొగ్గు మోసి, గోనెలు లాగి, వేలి మీద గీతలన్నీ అరిగిపోయాయి. హాజరు చీటీల మీద వేలు నొక్కితే ఉత్త మసి పడేదని ఆఫీసులో ఎగతాళి చేసేవారు. దేవుడిచ్చిన ముద్ర పోర్టు తినేసింది, నా ముద్ర నేనే చేయించుకుంటాను అన్నాడట. మొట్టమొదట దాన్ని ఇక్కడే, ఈ పుస్తకంలోనే వేసి ఉంటాడు.

ఆ మాట అంటూ ఆమె రొంటిలోనుంచి గుడ్డసంచి తీసింది. తమలపాకులు, తాళంచెవి, వాటి అడుగున బొటనవేలంత ఇత్తడి ముద్ర. ఆయన పోయి పద్దెనిమిదేళ్ళయినా ఆమె దాన్ని ఒంటి మీదనుంచి తీయలేదు.

సంజయ్‌దా దాన్ని అందుకుని కాసేపు కళ్ళ దగ్గర పెట్టుకుని చూశాడు. మా నాన్న చేతిపని అన్నాడు. తర్వాత పుస్తకం ఫొటో తీసుకోవచ్చా అని అరుంధతి అడగబోతే తల అడ్డంగా ఊపాడు. ఫొటో చూపిస్తే ఫొటోను కూడా అనుమానిస్తారు, ఈ పుస్తకం దుకాణం దాటి నేను లేకుండా వెళ్ళదు, పదండి నేనే వస్తాను అన్నాడు. పుస్తకాన్ని ప్లాస్టిక్ సంచిలో రెండు చుట్లు చుట్టి చంకలో పెట్టుకుని దుకాణానికి తాళం వేశాడు.

*

దారిలో జూలీని కూడా వెంటబెట్టుకున్నారు. నర్సింగ్ స్కూల్లో ఆఫీసు దీదీ వాళ్ళనలా చూసి కుర్చీలు వేయించింది. జూలీ గోడ దగ్గర నిలబడింది. సంజయ్‌దా పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టి తన పని ఏమిటో చెప్పాడు. ఆవిడ ఆ పేజీ చూసింది, దానికి ముందు పది పేజీలు, వెనక పది పేజీలు తిప్పింది. తేదీలు వరుసలో ఉన్నాయి. బాప్తిస్మం సర్టిఫికెట్‌ను పక్కన పెట్టి చూసింది. అరిగినదే గాని అదే ముద్ర. ఇదెవరిది అని చిన్న ముద్ర మీద వేలు పెట్టింది.

డోర్కాస్ లేచి, ఆవిడ బల్ల మీది స్టాంపు ప్యాడు తనవైపు లాక్కుని, ఇత్తడి ముద్రకు సిరా అద్ది, తెల్ల కాగితం మీద బరువంతా వేసి నొక్కింది. కొక్కెం బొమ్మ, కింద పెద్దిరాజు. పుస్తకంలో ఉన్నదే. ఒక్క అంచు దగ్గర చిన్న సొట్ట ఎక్కువ.

ఈ సొట్ట అక్కడ లేదే అంది దీదీ. ఓడ మెట్ల మీదనుంచి ఒకసారి ముద్రా మనిషీ ఇద్దరూ పడ్డారు, ముద్రకు సొట్ట, మనిషికి రెండు కుట్లు అని డోర్కాస్ తన విరిగిన బెంగాలీలో చెప్పింది. దీదీ పెదవుల చివర నవ్వు వచ్చి ఆగింది.

అయితే పాతది నిజం, మరి కొత్తదాని మాటేమిటి, అక్షరం ఎందుకు మారింది అని అడిగింది. అందరూ అరుంధతి వైపు చూశారు.

పరాయి భాషలో, పరాయి ఆఫీసులో, ఇంతమంది ముందు అరుంధతి ఎన్నడూ నోరు విప్పలేదు. లేచి నిలబడింది. కాగితం మీద తెలుగు గ, తెలుగు ఘ పక్కపక్కన రాసింది. వాటి కింద, బోర్డులు చూసి నేర్చుకున్న బెంగాలీ అక్షరాలు రెండు రాసింది. రెండోది కాస్త వంకరగా వచ్చింది.

"ఇది గాన్‌లో గ, దీదీ. ఇది మేఘ్‌లో ఘ. మీ పేటలో క్లబ్బుల పేరు చివర సంఘ అని రాస్తారు కదా, ఆ ఘ. మా మామ్మ చిన్నప్పుడు పలికినట్టు రాసింది. నేను బడిలో నేర్పినట్టు దిద్దాను. తప్పు మామ్మది కాదు, చెప్పకుండా దిద్దిన నాదే తప్పు."

దీదీ ఆ నాలుగు అక్షరాల మీద ఒక్కొక్కటిగా వేలు పెట్టి చూసింది. తర్వాత, మా అత్తగారు ఇప్పటికీ మేఘ్ అని రాయమంటే మేగ్ అని రాస్తుంది, దిద్దితే వారం రోజులు మాట్లాడదు అంది. సంజయ్‌దా గట్టిగా నవ్వేశాడు. ఆవిడ పుస్తకంలోని పేజీకి, తెల్ల కాగితానికి జిరాక్స్ తీయించి, రెండూ జూలీ ఫైలులో గుచ్చింది. పైన ఏదో రాసి సంతకం చేసి, బల్ల సొరుగు లాగి వాళ్ళ స్కూలు ముద్ర తీసింది. ఒకసారి ఊది, నొక్కింది.

ఆ చప్పుడు చిన్నదే. జూలీ మాత్రం గోడ దగ్గరనుంచి ఒక్క అంగలో బల్ల దగ్గరికి వచ్చేసింది.

బయటికి వచ్చాక అరుంధతి సంజయ్‌దాకు చేతులు జోడించింది. ఆయన పుస్తకాన్ని మళ్ళీ చుట్టుకుంటూ, మా నాన్న పని యాభై ఏళ్ళ తర్వాత ఒక ఆఫీసులో నిలబడి సాక్ష్యం చెప్పింది, మీరే నాకు మేలు చేశారు అన్నాడు. నాన్న బతికి ఉంటే ఇవాళ దుకాణం తెరిచేవాడు కాదు, మిఠాయి కొని ఇంటికి పోయేవాడు అని, తను కూడా దుకాణం వైపు కాకుండా మిఠాయి కొట్టు వైపు నడిచాడు.

*

సంఘం వాళ్ళ ఇళ్ళలో మేలు జరిగితే కృతజ్ఞత కూడిక పెట్టుకుంటారు. డోర్కాస్ ఇంట్లో ఆ ఆదివారం సాయంత్రం అని నిర్ణయమైంది. అంతకు ముందే దయారత్నంగారు అరుంధతి చేత మినిట్సు పుస్తకంలో ఒక పేజీ రాయించాడు. పాత ముద్ర ఎప్పటిది, ఎవరు రాసిస్తే ఎవరు చేయించారు, కొత్తదానిలో ఏ అక్షరం ఎందుకు మారింది, అంతా. దాని కింద సంజయ్‌దా పుస్తకంలోని పేజీ జిరాక్స్ అతికించాడు. అరుంధతి పాత అక్షరంతోనే మళ్ళీ ముద్ర చేయిద్దామంటే డోర్కాస్ ఒప్పుకోలేదు. నా తప్పు యాభై ఏళ్ళు మోశారు, ఇంక దింపండి అంది. దయారత్నంగారు కొత్త ముద్రను ఆ పేజీ చివర వేసి, సిరా ఊదుతూ, "ఇకమీదట నువ్వు చదివి చెప్పాలమ్మా, నాను వేస్తాను," అన్నాడు. ఆ మాటతో అరుంధతి గుండెల్లోంచి మంగళవారం నాటి బరువు దిగిపోయింది.

కూడికకు పిలుపు కాగితం డోర్కాస్ తన చేత్తోనే రాసింది. ఎన్నో ఏళ్ళ తర్వాత కలం పట్టుకుంది. చర్చి తలుపుకు అంటించే ముందు అరుంధతికి తెచ్చి చూపించి, తప్పులుంటే దిద్దమంది.

అరుంధతి చదివింది. సంఘమునకు అన్నచోట ఘ పెద్దదిగా, ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాసిన అక్షరం. సరిగ్గా ఉంది. కింది వరుసకు వచ్చేసరికి, ప్రార్థన చేయువారు దయారత్నం ఘారు అని ఉంది. మళ్ళీ చదివింది. ఘారు.

మామ్మ ఆత్రంగా ఆమె మొహంలోకి చూస్తోంది. అరుంధతికి శారద టీచరు బెత్తం గుర్తొచ్చింది గాని దెబ్బ మాత్రం తగల్లేదు.

"అంతా బాగుంది మామ్మా," అంది. తీసుకెళ్ళి తనే అంటించింది.

ఆదివారం జాబేజ్ నాలుగు ఇళ్ళనుంచి కుర్చీలు మోసుకొచ్చాడు. పాటలయ్యాయి. సాక్ష్యం చెప్పమంటే జూలీ లేచి మూడు మాటలు చెప్పి ఏడ్చేసింది. ఇన్నేళ్ళలో ఏ కూడికలోనూ లేవని అరుంధతి కూడా లేచింది. నా తప్పును కోపగించుకోకుండా మోసినవాళ్ళకు, ఆ తప్పులోంచి దారి చూపించిన దేవుడికి వందనాలు అని కూర్చుంది. అంతే. ఆ తర్వాత ప్రార్థన కోసం లేచిన దయారత్నంగారు జేబులోంచి పిలుపు కాగితం తీశాడు. తలుపు మీదనుంచి ఊడదీసి తెచ్చుకున్నాడు.

"ప్రార్థనకి ముందు ఒక సంగతి తేలాల," అన్నాడు కళ్ళద్దాలు సర్దుకుంటూ. "డోర్కాసప్పా, ముద్రలోన ఒత్తు ఎగ్గొట్టినావు, సరే. నా గారుకి ఒత్తెట్టినావేటి?"

అప్పుడు గాని డోర్కాస్‌కు తన తప్పు తెలియలేదు. అరుంధతి వైపు చురుగ్గా చూసింది. అరుంధతి నేల చూపులు చూసింది. పదిమందీ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటున్నారు, నవ్వాలో వద్దో తెలియక. డోర్కాస్ చెంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది.

"గౌరవం కదేటి దయారత్నం. కాసింత ఒత్తి పలకాల," అంది.

యాభై ఏళ్ళుగా ఆమె భయపడిన నవ్వు అప్పుడు వచ్చింది. ఇల్లంతా నిండింది. అందులో అందరికంటే పెద్దగా వినబడింది ఆమె నవ్వే.